ఉడుము కోసం సముద్రం దాటిన

హనుమకొండ,
ఆదివారం

అరే శీనుగా,

బాగున్నవా? ఫోన్ల చెప్తె నవ్వి పెట్టేస్తవని ఉత్తరం రాస్తాన్న. ఇండోనేషియాల పెద్ద పెద్ద ఉడుములుండే కొమొడో దిక్కు పోయొచ్చిన. మా అమ్మకైతే ఇంకా మనసున పడ్తలేదు. "ఉడుమును చూసుటానికి గన్ని పైసలా? పాకాల పోతె ఊకెనే కనపడుతది గద బిడ్డా" అంటది.

బాలి దాక ఒక విమానం, ఆడికెంచి లబువన్ బజోకు ఇంకోటి, తర్వాత పడవ. పడవల నా గతి అడగకు. పొద్దుగాల తిన్నదంత చేపలకే పోయింది.

రించా దీవిల దిగినం. ఇండోనేషియా అంటె పచ్చటి అడివి అనుకున్న. ఏడ్ది! ఎండిన గడ్డి, చింతచెట్లు, తాటిచెట్లు. అచ్చం మన నర్సంపేట దిక్కు లెక్కనే. కల్లు ఏడ దొరుకుతదని అడగబోయి ఆగిన. 1980ల ఈ ఉడుముల కోసమే దీన్ని జాతీయ పార్కు చేసిండ్రట. అక్కడోళ్లు ఈ ఉడుమును "ఓరా" అంటరు. గైడు "ఓరా, ఓరా" అన్నప్పుడల్ల మా తాత నన్ను పిలిచినట్టే వెనక్కి తిరిగిన.

గైడు చేతిల తుపాకి లేదు, ఒక్క పంగల కర్ర. గంతే. వంటింటి నీడకు పండుకోని ఉన్నదిరా అది. తొమ్మిది పది అడుగులు ఉంటది. మెడ మీద తోలు, అన్న అంగి తమ్మునికి తొడిగినట్టు ముడతలు ముడతలు. మూతి కెంచి చొంగ దారం లెక్క జారుతాంది. పసుపుపచ్చ నాలుక, కొసకు రెండు చీలికలు, బయటికొచ్చి లోపలికి పోతాంది. ఆ నాలుకతోనే వాసన పడుతదట. నేను పొద్దున కక్కిన వాసన గిట్ల పట్టిందా అని భయమైంది. కరిస్తె విషం ఎక్కి నెత్తురు గడ్డకట్టదట. మునుపు నోట్లె క్రిములతోనే జంతువులు సస్తయనుకునేటోళ్లు, 2009ల విషం గ్రంథుల సంగతి బయటపడ్డది.

పిల్లలు గుడ్డు పగలంగనే చెట్టెక్కుతయట. కింద ఉంటె పెద్దయి మింగుతయి మరి! పెద్దయి బరువుకు చెట్టెక్కలేవు.

అది ఇనంగనే నువ్వే యాదికొచ్చినవు. ఏడో తరగతిల పాకాల కట్టకాడ ఉడుమును జూసి చెట్టెక్కినవు గద, అది నీ ఎంబడే ఎక్కింది. దిగలేక ఏడ్సినవు. నీ ఉపాయం మంచిదేరా, కాని రించాలనే పనికొస్తది. మన ఉడుముకు చెట్లు అలవాటే.

బతుకమ్మకు వదినెను, పిల్లలను తీస్కరా. ఫోటోలన్నీ అప్పుడే చూపిస్త.

నీ దోస్తు,
రవి