వార్షిక నివేదిక 2024–25: మంచం పక్కన ఉండేవాళ్ల కోసం

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధి దీపాలు, వినాయక చవితి, బతుకమ్మ ఖర్చుల లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి. అందుకని ఈ నివేదికలో ఎక్కువ చోటు ఈ ఏడాది మొదలుపెట్టిన కొత్త పనికే ఇస్తున్నాను. ఇక నయం కాదని తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్న మన కాలనీ కుటుంబాలకు తోడుగా నిలవడమే ఆ పని.

నెలకో ఆదివారం కమ్యూనిటీ హాల్లో కూర్చుంటున్నాం. మొదట్లో అన్నీ మందుల సంగతులే. ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉందని, చివరి రోజుల్లో రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయని చాలామందికి తెలియదు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అలవాటైపోతుందని భయపడి, మనిషి నొప్పితో మెలికలు తిరుగుతున్నా మాత్ర ఆపేసిన ఇళ్లున్నాయి. నొప్పి కోసం డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే ఆ భయం అక్కర్లేదని ఒక నర్సు ఓపిగ్గా చెప్పారు. మార్ఫిన్‌లో మామూలు రకం మాత్రను సాధారణంగా నాలుగు గంటలకోసారి వేళ తప్పకుండా వేయాలని, దానివల్ల వచ్చే మలబద్ధకానికి మందు కూడా దాంతోపాటే మొదలుపెట్టాలని వివరించారు. రాత్రి కాస్త నిద్రపట్టడం మొదలయ్యాక అసలు మాటలు బయటికొచ్చాయి.

ఆర్టీసీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, చేతులు పైకి లేవని భార్యకు జడ వేయడం నేర్పమని మన అక్కలను అడిగారు. పాత చీర అంచును మూడు పేలికలుగా చించి కిటికీ ఊచకు కట్టి నేర్పించారు. "డ్యూటీ డ్యూటీ అంటూ ఆమెతో కూర్చుని మాట్లాడిందే లేదమ్మా. ఇప్పుడు చిక్కు తీస్తూ అరగంట మాట్లాడుకుంటున్నాం" అన్నారాయన.

నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్, చేసే పనిలోనూ, ప్రేమలోనూ, తప్పించుకోలేని బాధను ఎదుర్కొనే తీరులోనూ జీవితానికి అర్థం దొరుకుతుందన్నారు. ఆ ఆలోచన మీదే న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రంలో క్యాన్సర్ రోగులకు, తర్వాత వాళ్లను చూసుకునేవాళ్లకు కౌన్సెలింగ్ పద్ధతులు తయారయ్యాయి. ఆ జడలో నాకు ఆ మూడూ కనిపించాయి.

అందరికీ అలా దొరకదు. "నాకే అర్థమూ కనిపించడం లేదు, ఒళ్లు హూనమైపోయింది, ఇది ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తోంది" అని ఒక కోడలు ఏడ్చింది. ఎవరూ ఆమెకు నీతులు చెప్పలేదు, అందుకు నాకు సంతోషం. రెండు గంటలు అత్తగారి దగ్గర మనవాళ్లు కూర్చుంటే ఆమె తలస్నానం చేసి పడుకుంది. "మీరు దేవతమ్మా" అని పొగిడే బదులు మనం చేయాల్సింది ఇదేనని నా అభిప్రాయం. నిద్రలేని మనిషిని జీవితానికి అర్థమేమిటని అడగడం అన్యాయం.

మనిషి పోయిన తర్వాత కూడా ఆ కుటుంబాలను పిలుస్తూనే ఉన్నాం. నెలమాసికం దాటాక చుట్టాలు వెళ్లిపోతారు, అప్పుడే ఇల్లు బోసిపోతుంది. అలా వచ్చిన కొందరు ఇప్పుడు కొత్తవాళ్లకు పక్క మార్చడం, పుండ్లు పడకుండా చూసుకోవడం నేర్పుతున్నారు.

వచ్చే ఏడు ఒక వాటర్ బెడ్డు, ఒక వీల్‌చెయిర్ కొని, అవసరమైన ఇంటికి ఉచితంగా ఇవ్వాలని కమిటీ అనుకుంటోంది. దీనికి సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కావాలి. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లు ఆఫీసు రిజిస్టరులో పేరు రాయండి. ముఖ్యంగా మగవాళ్లు రాయండి, ఇప్పటిదాకా ఉన్నవి ఎక్కువగా ఆడవాళ్ల పేర్లే.

ఇట్లు,
కార్యదర్శి