టారోలో వారఫలాలు వెతక్కండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో రాశిఫలాల పక్కన ఈ మధ్య టారో (బొమ్మల కార్డులు తీసి చెప్పే) ఫలాలు కూడా వేస్తున్నారు, ఈ వారం ధనలాభం, ఎరుపు రంగు కలిసొస్తుంది, ఆ తీరుగా. దాని మీద పోయిన వారం ఒక పాఠకుడు కోపంగా ఉత్తరం రాశారు. ఇవి విదేశీ మూఢనమ్మకాలట, క్షుద్రపూజల సామానట, ఇంట్లో పెట్టుకోకూడదట. ఆయన కోపంలో సగం నాకూ ఉంది. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

మా అమ్మాయి ఐర్లాండ్‌లో చదువుతోంది. కిందటేడు సెలవులకు వచ్చి టారో కార్డుల పెట్టె ఒకటి నా బీరువాలో మరిచిపోయి పోయింది (మరిచిపోయిందో, కావాలనే పెట్టిందో ఇప్పటికీ చెప్పదు). అందులో పదమూడో కార్డు మీద తెల్ల గుర్రమెక్కిన అస్థిపంజరం, కింద డెత్ అని పేరు. పక్కింటి వదిన అది చూసి "ఇంట్ల గివేం బొమ్మలు, తీస్కపోయి చెరువుల పడెయ్" అన్నది. నేనూ భయపడ్డాను, అబద్ధమెందుకు. ఫోన్ చేసి అడిగితే అమ్మాయి నవ్వి, చావు అని కాదమ్మా, ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలవడం అని చదువుతారు, గుర్రం వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు చూడు అంది. చూస్తే నిజంగానే ఉన్నాడు.

క్షుద్రం అన్నారు కాబట్టి ఒక మాట. టారో పుట్టింది పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, అదీ పేకాటగా. జోస్యానికి వాడడం బాగా వ్యాపించింది మూడు వందల ఏళ్ల తర్వాత, ఫ్రాన్స్‌లో. మొత్తం 78 కార్డులు. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో కనిపించే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి, వాటిని గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ. బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం మనకు కొత్తేం కాదు కదా, చేర్యాల మొన్నటిదాకా మన ఉమ్మడి వరంగల్‌లోదే, కథలు చెప్పే కాకిపడగల వాళ్లు చేర్యాల బొమ్మల పటం విప్పి నిలబడితే ఊరంతా కూర్చునేది. పటం ముందు కూర్చున్నవాళ్లు భవిష్యత్తు అడగలేదు, కథ విన్నారు, ఎవరి బాధ వాళ్లకు గుర్తొచ్చి ఏడ్చారు.

ఇక ఈ కార్డులు కొందరు తీసే సావిన్ పండుగ సంగతి, మా అమ్మాయి చెప్పిందే. క్రైస్తవం రాకముందు ఐర్లాండ్ లాంటి దేశాల్లో ప్రకృతిని కొలిచినవాళ్ల పండుగలను ఇప్పుడు మళ్లీ చేసుకునేవాళ్లను పేగన్లు అంటారు. వాళ్లలో చాలామందికి ఏడాదిలో ఎనిమిది పండుగలు, అన్నీ రుతువులను బట్టి వచ్చేవే. అక్టోబరు 31 సాయంత్రం మొదలయ్యేది సావిన్. ఐరిష్ భాషలో నవంబరు నెల పేరు కూడా అదే. పంటలు ఇంటికొచ్చి, మేతకు పోయిన పశువులు కొట్టాలకు చేరి, చలికాలం మొదలయ్యే రోజు. చనిపోయినవాళ్లు ఆ రాత్రి దగ్గరికొస్తారని నమ్మకం, అందుకని వాళ్లకూ ఒక చోటు ఉంచుతారు. మా అమ్మాయి ఇదంతా చెబుతుంటే నాకు పెత్రమాసే గుర్తొచ్చింది. రెండూ ఒకటే అని నేను అనను, ఎవరి ఊరు వాళ్లది. కానీ పొద్దున పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకొని వేయిస్తంభాల గుడికి పోయే మనకు, పోయినవాళ్లనూ పూలనూ ఒకే రోజు తలుచుకోవడం వింతగా ఎందుకు అనిపించాలి?

సావిన్ రాత్రి కొందరు దీపం పెట్టుకొని మూడు కార్డులు తీస్తారట. ఈ ఏడాది ఏం వదిలేయాలి, పెద్దల నుంచి నాకు ఏం వచ్చింది, చలికాలంలో దేన్ని చూసుకోవాలి అని. మొన్న 31న మా గల్లీలో కరెంటు లేదు. మొంథా తుఫాను వాన పడి రెండు రోజులే అయింది, హనుమకొండలో చాలా కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, ఇంట్లో ఎటూ కొవ్వొత్తే. సరే అని తీశాను.

మొదటి కార్డులో ఒక కుర్రాడు చేతులు కట్టుకొని చెట్టు కింద కూర్చున్నాడు. ముందు మూడు గిన్నెలు. మబ్బులోంచి ఒక చెయ్యి నాలుగోది అందిస్తుంటే అటు చూడనే చూడడు. నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎందుకంటే రెండేళ్ల కింద అమ్మ పోయాక ఆమె గాజుల దగ్గర మా తమ్ముడికీ నాకూ మాటలు ఆగిపోయాయి, ఈ దసరాకు వాడు నర్సంపేట దగ్గర మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చి జమ్మి నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే, ఆ ఆకు బల్ల మీద పెట్టి చాయ్ కూడా అడగకుండా లోపలికి పోయాను. బంగారం కోసం కొట్లాడి, వాడు తెచ్చిన బంగారం బల్ల మీద పెట్టాను. కార్డుకు ఇదంతా తెలుసని నేను నమ్మను. ఇంకే బొమ్మ వచ్చినా నా మనసు అక్కడికే పోయేదేమో. కానీ నెల రోజులుగా టీవీ పెట్టుకొని, ఫోన్ చూసుకొని తప్పించుకున్నది ఆ రాత్రి తప్పించుకోలేకపోయాను. రెండో కార్డు ఆరు కత్తులు గుచ్చిన పడవలో ఒక తల్లీబిడ్డా పోతున్న బొమ్మ, నీళ్లొచ్చిన వారంలో పడవేంటి అని నవ్వొచ్చింది. మూడోది సరిగా గుర్తు కూడా లేదు.

తెల్లారి తమ్ముడికి ఫోన్ చేశాను. పత్తి మొత్తం తడిసింది అక్కా అన్నాడు. గాజుల మాట ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు నా కోపం సగం. నాతో పనిచేసే ఒకావిడ కొడుకు ఉద్యోగం గురించి టెన్షన్ పడి ఫోన్‌లో ఎవరికో 1,500 రూపాయలు కట్టి టారో చెప్పించుకుంది. కార్డులో దోషం కనపడింది, పరిహారానికి ఇంకా కట్టాలి అన్నారట. బొమ్మలో దోషం ఎక్కడుంటుంది సార్? దోషం, పరిహారం, కలిసొచ్చే రంగు, ఇవన్నీ మన దగ్గరి పాత సరుకే, కొత్త పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. మీ పేజీలో ఫలాలు వేస్తే వాళ్లకు ఉచితంగా ప్రచారం చేసినట్టే.

అందుకని ఒక మనవి. టారో తీసేయమని అడగను. ఫలాలు మానేసి, వారానికి ఒక్క కార్డు బొమ్మ వేసి, కింద ఒక ప్రశ్న వేయండి, ఈ బొమ్మలో మీకెవరు కనిపిస్తున్నారు అనో, ఇంకేదో. జవాబు ఎవరింట్లో వాళ్లు చెప్పుకుంటారు. పదమూడో కార్డుతో మాత్రం మొదలుపెట్టకండి, మా పక్కింటి వదిన తెప్పించుకునేది మీ పేపరే.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ