శనివారం సభలో అసలు జరిగింది ఇదీ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం మన పూర్వ విద్యార్థిని ఒకరు వచ్చి పదో తరగతి పిల్లలతో గంటసేపు మాట్లాడి వెళ్లింది. ఆదివారం మధ్యాహ్నానికల్లా ‘బడిలో పిల్లలను ఎంపీసీ తీసుకోవద్దని చెప్పారట’ అనే మాట మన శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి దాకా పాకింది. సోమవారం ప్రార్థన గంట కొట్టకముందే నలుగురు తండ్రులు నా గది ముందు ఉన్నారు. ఒకాయన కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఎంపీసీ వద్దని ఎవరూ అనలేదు. ఇంటర్ మీదుగా ఇంజనీరింగ్‌కు వెళ్లాలంటే ఎంపీసీ తీసుకోవాలని ఆ అమ్మాయే చెప్పింది. ఆ ఒక్క వాక్యం మాత్రం మీ వాట్సాప్ గ్రూపుకు చేరలేదు. ఇంటర్‌లో తాను హెచ్ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) తీసుకున్నానని, ఇప్పుడు మన ఊళ్లోనే బీఏ చరిత్ర చదువుతూ, దానితో పాటు ఐఐటీ మద్రాసు వారి డేటా సైన్స్ డిగ్రీ ఆన్‌లైన్‌లో చేస్తున్నానని చెప్పింది. అంతే.

‘హెచ్ఈసీ పిల్లకు ఐఐటీ ఏమిటండీ’ అని అడిగిన వారి కోసం రాస్తున్నాను. ఆ కోర్సును 2020లో ప్రకటించారు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు చదివి ఉంటే చాలు. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, అర్హత పరీక్ష గట్టెక్కాలి. తరువాతి పరీక్షలూ కేంద్రానికి వెళ్లి రాయవలసినవే. అందరూ చివరిదాకా నిలబడలేరు. మధ్యలో ఆగినా ఏ మెట్టు దాకా చదివితే అక్కడికి సర్టిఫికెట్, డిప్లొమా ఉన్నాయి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2022లోనే అనుమతి ఇచ్చింది. ఇందులో దొంగదారి ఏమీ లేదు.

ఆర్ట్స్ వేరు, సైన్స్ వేరు అని గీత గీసే విషయంలో నాకు కాస్త ఆవేశం ఎక్కువ, మన్నించాలి. సి.ఆర్.రావు గారి పేరు మీలో ఎంతమంది విన్నారు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన తెలుగువాడు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో స్థిరపడ్డారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లి ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? అక్కడి మ్యూజియంలో, సూడాన్ తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం! పాతిపెట్టిన ఎముకలు చరిత్రవి, లెక్క గణితానిది. 2023లో, నూట రెండేళ్ల వయసులో, గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. అంత దూరం ఎందుకు, మన ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, పలాస వైపు ఊళ్లలో మూత్రపిండాల జబ్బుకు ఇదీ కారణమని ఇంతవరకు గట్టిగా తేల్చలేకపోయారు. నీళ్లు పరీక్షించే రసాయనశాస్త్రం కావాలి, వైద్యం కావాలి, జీడితోటల కూలీల పక్కన కూర్చుని వాళ్ల మాటలో వాళ్లు చెప్పేది వినే మనిషి కావాలి, ఆ విన్నదాన్ని అంకెలుగా పేర్చేవాళ్లు కావాలి. వీళ్లలో ఎవరిని మనం ‘తెలివిలేక ఆర్ట్స్ తీసుకుంది’ అని పక్కన పెడతాం?

మన తొమ్మిదో తరగతి ముగ్గురు పిల్లల సంగతి చెప్పకుండా ఉండలేను. అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాలను సూర్యకిరణాలు మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ తాకుతాయని మనందరికీ తెలుసు. ఆ రెండు తేదీలే ఎందుకని మనలో ఒక్కరం అడిగామా? వీళ్లు అడిగారు. ఒకడు సెప్టెంబరు నుంచి రోజూ బడి మేడ మీద కర్ర పాతి సూర్యోదయపు నీడ గుర్తు పెట్టాడు. సగం రోజులు మబ్బే, అయినా మేడ ఎక్కాడు. ఒక అమ్మాయి గుడి ముందు పూలమ్మే అవ్వలను, పూజారులను అడిగి ఏయే ఏళ్లలో కిరణాలు కనిపించాయో, ఎప్పుడు మబ్బు అడ్డొచ్చిందో పట్టిక వేసింది. ఇంకొక అమ్మాయి ఆ గుడి కట్టిన తూర్పు గాంగ రాజుల కాలపు కట్టడాల గురించి చదివి రాసింది. మార్చిలో విషువత్తుకు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకు) పది రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు పది రోజుల తరువాత సూర్యుడు తూర్పుకు రవ్వంత దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయిస్తాడని తేల్చారు. ఆ పట్టికను నా గదిలో గోడకు అంటించుకున్నాను. అందులో రెండు కూడికలు తప్పాయి. దిద్దలేదు. పిల్లలే చేశారనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు కదా!

మిగతా ప్రాజెక్టుల్లో చాలా వాటికి ఆ సాక్ష్యం లేదు. నెట్ సెంటరులో రంగుల్లో అచ్చు వేయించినవి పదకొండు వచ్చాయి. రెండింటిలో నాన్నగారి దస్తూరీని నేను గుర్తుపట్టాను. మీరు శ్రమపడి రాసినందుకు కృతజ్ఞతలు, మార్కులు మాత్రం ఇవ్వలేకపోయాం. కార్తీక సోమవారాల్లో తరగతిలో మూడోవంతు బెంచీలు ఖాళీగా ఉంటున్నాయి. ఉపవాసం పెద్దలదా, పిల్లలదా? రాత్రి పదకొండు తరువాత నాకు పంపే వాయిస్ మెసేజీల వెనుక పిల్లల ఆటల చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ వేళకు వాళ్లను నిద్రపుచ్చగలరేమో చూడండి.

సమ్మేటివ్ పరీక్షల తేదీలు డైరీలో అంటించాం, బస్సు రుసుము రెండో విడత నెలాఖరులోగా కట్టాలి, ఆధార్‌లో పేర్లు సరిచేయించని వారు సరిచేయించండి.

ఆ అమ్మాయిని వచ్చే శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మళ్లీ రమ్మన్నాను. ఈసారి పిల్లల కోసం కాదు, మీ కోసం. అడగదలచుకున్నవి ఆమెనే అడగండి. సోమవారం కూర్చోకుండా నిలబడ్డ ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు