కమలాదేవికి దండ, నాకొక కార్డు

రాష్ట్ర చేనేత, జౌళి శాఖ మంత్రిగారికి,

శ్రీకాళహస్తిలో కలంకారీ పని, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే పని, చేసుకునే ఒక ఆడమనిషి నమస్కరించి రాసుకునేది.

ఏప్రిల్ 3 కమలాదేవి ఛటోపాధ్యాయ పుట్టినరోజు. ఫొటోకి దండేసి, హస్తకళల తల్లి అని రెండు మాటలు చెప్పి, టీ తాగి లేచిపోవడం మామూలే. మా ఊరు ఆమెకి అంతకంటే ఎక్కువే బాకీ. గుడి తెరలు అడిగేవాళ్లు తగ్గి, కలం పట్టేవాళ్లు వేళ్ల మీద లెక్కకొచ్చిన కాలంలో అఖిల భారత హస్తకళల బోర్డు ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టిందంటే ఆవిడ పూనికే. 1950ల నాటి మాట. అక్కడ నేర్చినవాళ్ల దగ్గర నేర్చినవాళ్లు నాకు నేర్పారు.

అయితే దండేసేవాళ్లు ఆమెలో సగమే చెబుతారు. 1903లో మంగళూరులో పుట్టింది. చిన్నతనంలోనే భర్త పోయాడు. మళ్లీ పెళ్లి చేసుకుంది, అది పొసగక విడాకులు తీసుకుంది. నాటకమంటే పెద్దిళ్ల ఆడవాళ్లు మొహం తిప్పుకునే రోజుల్లో వేదికెక్కింది, మూకీ సినిమాలో వేషం కట్టింది. 1926లో మద్రాసు శాసనమండలికి పోటీచేసి కొద్ది ఓట్లలో ఓడింది. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి ఆడవాళ్లనూ రానివ్వమని గాంధీగారితోనే వాదించి, బొంబాయిలో ఉప్పు అమ్మి జైలుకెళ్లింది. ఇదంతా వదిలేసి ఉత్త తల్లి అంటే ఎట్లా? మన దగ్గర గట్టిగా మాట్లాడే ఆడదాన్ని చల్లబరచాలంటే తల్లిని చేసేస్తే సరి. (నా గొణుగుడు అనుకోండి.)

ఇక నా సంగతి. ముతక గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి పిండేది నేను. తుప్పు ఇనుము, బెల్లం కుండలో వేసి రోజుల తరబడి పులియబెట్టి, మూత తీస్తే వచ్చే ఆ వాసన భరించి నల్లరంగు చేసేది నేను. పటిక పూసిన చోట ఎరుపు తేలేదాకా కాగు దగ్గర నిలబడేదీ నేనే. గీత మాత్రం నాదీ, మా ఆయనదీ. ఈమధ్య సీతమ్మ ముఖాలన్నీ నావే, కన్ను దగ్గరికొచ్చేసరికి మా ఆయన చెయ్యి వణుకుతుంది.

పోయినేడు ఒక ప్రదర్శనకు పంపిన తెర కింద చీటీలో ఆయన పేరొక్కటే ఉంది. అడిగితే, “కళాకారుడి గుర్తింపు కార్డు ఆయన పేరు మీదే కదమ్మా” అన్నాడు అక్కడున్నబ్బాయి. మా అత్త, “పేరుదేముందిమే, దుడ్లొచ్చినాయి గదా” అనింది. వచ్చినాయి, కాదనను. తర్వాత నా పేరున లోను కోసం ఒక బ్యాంకుకి పోతే, నువ్వు కళాకారిణివని రుజువేదన్నారు. గోళ్ల సందుల్లో నలుపు చూపించాను. నవ్వారు.

విగ్రహం అడగడం లేదు మంత్రిగారూ. కలం పట్టే ప్రతి ఆడమనిషికీ తన సొంత పేరు మీదే కార్డివ్వండి. ప్రభుత్వం అమ్మే ప్రతి తెర చీటీ మీద గీసినవాళ్లవీ, రంగు నింపినవాళ్లవీ పేర్లు రాయించండి. వచ్చే ఏప్రిల్ 3న సభ బదులు మీ అధికారులను మా వీధిలో ఇల్లిల్లూ తిరగమనండి, ఎవరు ఏ పని చేస్తున్నారో కళ్లారా చూసి రాసుకోమనండి.

కాకపోతే పొద్దున్నే రమ్మనండి. ఎండెక్కితే మేం గుడ్డలు ఉతకను పోతాం, ఇంట్లో మా ఆయనే దొరుకుతాడు.

ఇట్లు,
ఒక కలంకారీ కళాకారిణి,
శ్రీకాళహస్తి, తిరుపతి జిల్లా