సంతకానికి ముందు ఒక్క పేజీ మా చేతికివ్వండి

గౌరవనీయులైన విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో చూపులేని పిల్లలకు తెలుగు చెప్పే టీచర్ని. నాకూ పుట్టుకతోనే చూపు లేదు. పాఠం చెప్పడంతో పాటు దాన్ని బ్రెయిల్‌లో అచ్చువేసి పిల్లల చేతికివ్వడం కూడా నా పనే. ఆ అచ్చువేసే యంత్రాన్ని ఎంబాసర్ అంటాం. మందపాటి కాగితం మీద టకటకమని చుక్కలు పొడుస్తుంది, ఆ చప్పుడు పక్క గదిదాకా వినిపిస్తుంది. అది వినగానే పిల్లలు "టీచర్, మా పాఠమేనా?" అంటూ తలుపు దగ్గరకి వచ్చేస్తారు.

మాకు కొత్త కంప్యూటర్ వచ్చాక ఆ చప్పుడు చాలా రోజులు ఆగిపోయింది. ఆగడానికి కారణం చాలా చిన్నది. అందుకే మీకు రాస్తున్నాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సాధారణ సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి. మా పాత కంప్యూటర్‌కి ఆ రెండూ లేవు. దాన్ని తీసుకెళ్ళి, విండోస్ బదులు లినక్స్ అనే వేరే సిస్టం వేసిన కొత్తది పెట్టారు. మార్చడం తప్పని నేను అనను. లినక్స్‌కి లైసెన్సు డబ్బులు కట్టక్కర్లేదు, వైరస్‌ల బెడద తక్కువ. పైగా మాలాంటివాళ్ళకు తెర మీదున్నది చదివి వినిపించే ఓర్కా అనే స్క్రీన్ రీడర్ అందులో ఉచితంగా దొరుకుతుంది. విండోస్‌లో నేను ఏళ్ళ తరబడి వాడిన స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఇందులో నడవదు కాబట్టి కీలన్నీ మళ్ళీ నేర్చుకున్నాను. అది నా కష్టం, నేను పడ్డాను. పిల్లల కష్టం వేరు.

మా ఎంబాసర్ పాతది, వెడల్పాటి పారలల్ కేబుల్‌తో కలుస్తుంది. కొత్త కంప్యూటర్‌కి ఆ పోర్టే లేదు. ద్వారకానగర్‌లో నాలుగు షాపులు తిరిగి, సొంత డబ్బుతో యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ కొన్నాను. కంప్యూటర్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి అది తగిలించి, ఏదో ఫైలు పంపాడు. ఎంబాసర్ కదిలింది, చుక్కలు పడ్డాయి. "ప్రింట్ వచ్చేసింది మేడమ్, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. నేను కాగితం మీద వేలు పెట్టి చూసేలోపే ఫారం నా చేతిలో ఉంది. అతను మర్యాదస్తుడే, అతన్ని తప్పుపట్టను. కళ్ళున్నవాళ్ళకి చుక్కలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

నేను చదివి చూస్తే మొదటి లైను బాగానే ఉంది. రెండో లైను ఎడమ అంచు దగ్గర లేదు. మొదటి లైను ఆగినచోటే, దాని కింద నుంచి మొదలైంది. మూడోది ఇంకా కుడికి జరిగింది. నాలుగో లైను కోసం వెతికితే వేలు కాగితం దాటిపోయింది. పేజీ అంతా మెట్లలా దిగిపోయింది. దీని కారణం తర్వాత తెలిసింది. విండోస్‌లో తయారైన ఫైలులో లైను చివర రెండు సంకేతాలుంటాయి, ఎడమ అంచుకి వెనక్కి వెళ్ళమని ఒకటి, కిందికి దిగమని ఒకటి. లినక్స్‌లో దిగమన్న సంకేతం ఒక్కటే ఉంటుంది. మాది లాంటి పాత ఎంబాసర్ చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. దిగమన్నారు, దిగింది. వెనక్కి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు.

అది సర్దుకున్నాక ఆరో తరగతి పిల్లకి ఒక పాఠం తీసిచ్చాను. రెండు లైన్లు తడిమి "టీచర్, ఇందులో తెలుగు లేదు, అన్నీ సున్నాలే" అంది. నేను వేలు పెట్టాను. ఎక్స్, సున్నా, సీ, సున్నా, ఐదు. మళ్ళీ ఎక్స్, సున్నా, సీ. అక్కడ ఉండాల్సిన మాట "అమ్మ". భారతి బ్రెయిల్‌లో, అంటే మన దేశ భాషలకు వాడే బ్రెయిల్‌లో, ఆ మాటకి నాలుగే గడులు. గడి అంటే ఆరు చుక్కలు పట్టే చోటు, మామూలుగా ఒక అక్షరానికి ఒకటి. అ, తర్వాత పొల్లుకి గుర్తుగా నాలుగో చుక్క, ఆపైన రెండు మ లు. దానికి ముప్పావు లైను పైనే పట్టింది. ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే పట్టికని టేబుల్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టేబుల్ పెట్టాల్సినచోట ఇంగ్లీష్ టేబుల్ ఉండిపోయింది. ఆ టేబుల్‌లో తెలుగు అక్షరాలకు చుక్కలు లేవు. అందుకని ప్రతి అక్షరానికీ దాని యూనికోడ్ నంబర్, అంటే కంప్యూటర్లన్నీ ఆ అక్షరాన్ని గుర్తుపట్టే నంబర్, పొడిచింది. కళ్ళతో చూసేవాళ్ళకి అది కూడా నిండు బ్రెయిల్ పేజీయే.

ఇదంతా సరిచేసింది నా పాత విద్యార్థి. తనకీ చూపు లేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మూడు సాయంత్రాలు ఫోన్‌లో కూర్చున్నాడు. నేను వేలితో చదివి చెప్పడం, తను ఏ కమాండ్ కొట్టాలో చెప్పడం. ఎంబాసర్‌ని మామూలు ప్రింటర్‌లా పెడితే కంప్యూటర్ పేజీని బొమ్మగా మార్చి పంపుతుందట, అలా కాకుండా అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు వెళ్ళేలా పెట్టించాడు. లైనుకి నలభై గడులు, పేజీకి ఇరవై ఐదు లైన్లు అని ఇటు సాఫ్ట్‌వేర్‌లోనూ అటు ఎంబాసర్‌లోనూ ఒకే లెక్క ఉండేలా చూశాడు. తెలుగు టేబుల్ కూడా ఎక్కడి నుంచో కొనలేదు. లిబ్‌లూయీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. బ్రెయిల్ లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిల్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. దాన్ని మొదలుపెట్టిన జాన్ బోయర్‌కి చూపూ లేదు, వినికిడీ లేదు.

కాబట్టి మంత్రి గారూ, ఇక్కడ కొరత డబ్బుది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. పని పూర్తయిందని ఎవరు చెప్పాలన్నదే తేలాలి. ఎంబాసర్ ఉన్న ప్రతిచోటా కంప్యూటర్ మార్చినప్పుడు, సిస్టం మార్చినప్పుడు, ఆ ఫారంలో ఒక్క లైను చేర్చండి. తెలుగు పేజీ ఒకటి అచ్చువేశారు, బ్రెయిల్ చదివే మనిషి దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి సరిగ్గా ఉందన్నారు అని. ఒత్తులు, అంకెలు, నాలుగైదు పేరాలు ఉన్న పేజీ చాలు. ఆ లైను కింద సంతకం పడేదాకా బిల్లు పాస్ చేయకండి, పాత కంప్యూటర్‌ని తీసుకెళ్ళనివ్వకండి. మాది మొదటి రోజే పట్టుకుపోయారు. అది ఇంకో వారం ఉండి ఉంటే పిల్లల పాఠాలు ఆగేవి కావు.

ఆ పాత కంప్యూటర్‌తో మాకు పోయింది ఇంకొకటుంది. మా ప్రశ్నపత్రాలు, పాఠాలు చాలావరకు బయట డీటీపీ చేయించినవి, అను లాంటి పాత ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులే. ఫాంట్ వాటిని తెలుగులా చూపిస్తుంది. చూసేవాళ్ళకి అది పద్యం, నా స్క్రీన్ రీడర్‌కీ ఎంబాసర్‌కీ గజిబిజి. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామ్ మా పాత విండోస్‌లో ఉండేది, దానితోనే పోయింది. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలతో చదివించుకుని ఒక్కో పేజీ మళ్ళీ టైపు చేస్తున్నాను. పిల్లలకు చేరాల్సిన పాఠ్యం ఏదైనా యూనికోడ్‌లోనే ఇవ్వాలని మీ శాఖ నుంచి, విద్యాశాఖతో కూడా మాట్లాడి, ఒక ఉత్తర్వు ఇప్పించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పద్దెనిమిదేళ్ళ వరకు పుస్తకాలు, బోధన సామగ్రి ఉచితంగా ఇవ్వాలంటోంది. సున్నాలు పొడిచిన పేజీ ఇచ్చి పుస్తకం ఇచ్చామని లెక్క రాసుకోకూడదు కదా.

నా విద్యార్థి మూడు సాయంత్రాలకు పైసా తీసుకోలేదు. అలా ఎన్ని స్కూళ్ళకి చేస్తాడు? బ్రెయిల్, కంప్యూటర్ రెండూ తెలిసిన చూపులేని యువకులు మనకున్నారు. జిల్లాకి ఒకరిని పెట్టుకుని జీతం ఇవ్వండి. మాకు ఇక్కడ సముద్రపు తేమతోనే సగం తంటా. వానాకాలంలో కాగితం మెత్తబడితే చుక్క లేవదు, పాలిథీన్ కవర్లలో చుట్టి దాచుకుంటాం. యంత్రం గురించి, కాగితం గురించి అడగడానికి ఒక ఫోన్ నంబరుంటే ఎంత టెన్షన్ తగ్గుతుందో చెప్పలేను.

మార్చిలో పదో తరగతి పరీక్షలు. నా దగ్గర ముగ్గురు రాస్తున్నారు. వాళ్ళకి ఇవ్వాల్సిన మోడల్ పేపర్లు ఇంకా పాత ఫాంట్‌లోనే ఉన్నాయి.

మీ కార్యాలయం నుంచి జవాబు బ్రెయిల్‌లో రానక్కర్లేదు. యూనికోడ్ తెలుగులో టైపు చేసిన ఈమెయిల్ చాలు. కాగితం మీద సంతకం పెట్టి, స్కాన్ చేసి, ఆ బొమ్మని పీడీఎఫ్‌గా పంపితే మాత్రం నేను చదువుకోలేను.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
విశాఖపట్నం