బ్రేకు తొక్కితే వణుకు: ప్రతిసారీ డిస్కులదే తప్పు కాదు

సంపాదకులకు,

అయ్యా,

సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేసరికి బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ అదురుతోందని కొరాపుట్, జయపురం వైపు కార్లవాళ్లు తరచూ అంటుంటారు. షెడ్డులో వచ్చే జవాబు మాత్రం ఒకటే: "డిస్కులు వంకర పోయాయండి, మార్చేద్దాం." (డిస్కులంటే చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేలు.) కొలవకుండా చెప్పే ఈ మాట నమ్మి డబ్బు పోసుకోవద్దు.

ముందు వణుకు ఎప్పుడొస్తోందో చూడాలి. బ్రేకు ముట్టకుండానే 80–100 వేగంలో వణికితే అది చక్రాల బ్యాలెన్సింగ్ లోపం, కాకపోతే రిమ్ము సొట్ట. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ అదిరితే చూపు ముందు చక్రాల మీదికి పోవాలి. స్టీరింగ్ నిలకడగానే ఉండి సీటు కొట్టుకుంటుంటే వెనక డ్రమ్ములను (వెనక చక్రాల గిన్నె బ్రేకులను) అనుమానించాలి. ఆ అనుమానం తీరాలంటే ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద 40 వేగంలో లివర్ బటన్ నొక్కి పట్టుకుని హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగండి. అదే వణుకు వస్తే డ్రమ్ము గుండ్రం పోయినట్టే. స్విచ్‌తో పనిచేసే హ్యాండ్ బ్రేకు ఉన్న కార్లలో ఈ పరీక్ష వద్దు. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు పెడల్ గడగడలాడితే అది చక్రాలు జారకుండా కాపాడే ఏబీఎస్ చేసే పని, లోపం కాదు.

నిజానికి డిస్కు వంకర పోవడం అరుదు. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కావడమే అసలు జబ్బు. అంచుకు 10 మిల్లీమీటర్లు లోపలగా చుట్టూ ఎనిమిది చోట్ల, మందం చూపే మైక్రోమీటర్‌తో కొలిస్తే తేలిపోతుంది. 0.02 మిల్లీమీటరు తేడా ఉన్నా వణుకు తెలుస్తుంది. అది కంటికి కనబడేది కాదు, వేలికి తగిలేదీ కాదు. అందుకే "చూస్తేనే తెలిసిపోతోంది" అనే మెకానిక్‌ను నేను నమ్మను.

కొత్త డిస్కులు వేసినా నాలుగైదు వేల కిలోమీటర్లకే వణుకు తిరగబెట్టిందంటే హబ్బును, అంటే డిస్కు బిగించే చక్రం నడిమి భాగాన్ని, చూడాలి. తుప్పు గీకకుండా బిగిస్తే డిస్కు వెంట్రుకవాసి ఓరగా కూర్చుంటుంది. బ్రేకు వేయకపోయినా తిరిగిన ప్రతిసారీ ఆ ఎత్తు భాగం డిస్కును నొక్కే ప్యాడ్‌కి రాసుకుని అరిగిపోతుంది, మందం తేడా మళ్లీ తయారవుతుంది. వైర్ బ్రష్‌తో హబ్బు శుభ్రం చేశాక ఊగులాట కొలిచే డయల్ గేజ్ పెట్టి డిస్కును తిప్పించండి. చాలా కార్లకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు వరకే ఊగులాట ఒప్పుకుంటారు. పంక్చరు షాపుల్లో గాలి గన్నుతో నట్లు ఇష్టం వచ్చినట్టు బిగించినా ఇదే గతి. ఎదురెదురు నట్లు వరసగా, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించాలి. చిన్న కార్లకు మామూలుగా 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది; సరైన అంకె కారు పుస్తకంలో చూసుకోండి.

ప్యాడ్లను నొక్కే కాలిపర్ జరిగే పిన్నులు పట్టేశాయేమో, చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు వదులయ్యాయేమో కూడా చూడాలి. వదులు బుష్ చిన్న వణుకును పెద్దది చేసి చూపిస్తుంది.

ఇక ఘాట్ సంగతి. 1,200 కిలోల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే వచ్చే శక్తి మూడున్నర లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. న్యూట్రల్‌లో దిగితే గాలి, టైర్లు లాక్కునేది పోగా మిగిలిందంతా బ్రేకుల నెత్తినే. పెట్రోలు మిగులుతుందనడం కూడా భ్రమే. ఇంజెక్షన్ ఇంజన్ యాక్సిలరేటర్ వదిలి గేరులో దిగుతున్నప్పుడు ఇంధనం ఆపేస్తుంది, న్యూట్రల్‌లోనే కొంత తాగుతుంది. రెండో గేరో మూడో గేరో వేసి దిగండి. బ్రేకు మీద కాలు అదేపనిగా ఆనించకుండా, కాస్త గట్టిగా తొక్కి వదలండి. కిందికి రాగానే పెడల్ తొక్కిపట్టి ఆగితే వేడి ప్యాడ్ మరక డిస్కుకు అంటుకుంటుంది, వణుక్కి అదీ ఒక కారణమే. రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపండి. వేడి డిస్కుల మీద నీళ్లు మాత్రం కొట్టించవద్దు.

మందం తేడా పోయేలా డిస్కును చెక్కించడానికి లేత్ పట్టించేముందు డిస్కు మీద అచ్చు వేసి ఉన్న కనీస మందం చూడాలి. పట్టించాక అంతకంటే తగ్గేటట్టుంటే మార్చక తప్పదు. మారిస్తే రెండు పక్కలా మార్చాలి, ప్యాడ్లూ కొత్తవే వేయాలి. తర్వాత 60 వేగం నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు మధ్య మధ్య చల్లారనిస్తూ తగ్గించాలి. ప్యాడ్లు కుదురుకోకముందే కారును ఘాట్ దించకండి.

ఇట్లు,
ఒక మెకానిక్,
జయపురం, కొరాపుట్ జిల్లా