నాన్నగారికి, డాలస్ నుంచి

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. మొన్న ఫోన్లో మీరడిగినప్పుడు పిల్లాడు పక్కనే ఉన్నాడు, సరిగ్గా చెప్పలేకపోయాను. "చంపాలనుకున్నవాడికి కత్తయితేనేం, తుపాకీ అయితేనేం? మన దగ్గర చంపుకోవట్లేదా?" అన్నారు.

చంపుకుంటున్నారు నాన్నగారూ. మన దేశంలో ఏడాదికి లక్షమందికి ఇద్దరు. ఇక్కడ అమెరికాలో 2023లో ఐదుగురికి పైనే. అందులో ఐదు హత్యలకు నాలుగు తుపాకీతో చేసినవే. జపాన్‌లో మూడు లక్షలమందికి ఒకరు కూడా లేరు. కోపాలు అందరికీ ఉన్నాయి. ఆ క్షణంలో చేతికి ఏం అందుతుందన్న దగ్గరే తేడా వస్తోంది.

పెదనాన్నగారి డబుల్ బ్యారెల్ గుర్తుందా? ఎలక్షన్లొస్తే స్టేషన్‌లో అప్పజెప్పి, రసీదు జేబులో పెట్టుకుని వచ్చేవారు. మేముండే ఈ టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టప్రకారం అడ్డు లేనివాళ్ళు పిస్తోలు వెంట పెట్టుకు తిరగడానికి లైసెన్సే అక్కర్లేదు. మేం వెళ్ళే గుడి తలుపు మీద, దర్శనం వేళల పక్కనే, తుపాకీతో లోపలికి రావద్దని ఇంగ్లీషులో, స్పానిష్‌లో బోర్డు. అక్షరం అంగుళానికి తగ్గకూడదట, అదీ చట్టమే. 2023 మేలో ఇక్కడికి దగ్గర్లోనే అలెన్‌లో షాపింగ్ మాల్ దగ్గర ఎనిమిదిమందిని కాల్చి చంపాడొకడు. అందులో మన హైదరాబాదు అమ్మాయి ఉంది. పిల్లాడికి బూట్లు కొన్నది మేం అక్కడే.

1996లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది పోతే, ప్రధాని జాన్ హోవర్డ్ రెండు వారాల్లోపే రాష్ట్రాలన్నిటినీ ఒప్పించి చట్టం బిగించారు. ఆరు లక్షలకు పైగా తుపాకులు డబ్బిచ్చి తీసుకుని ధ్వంసం చేశారు. హత్యలు అంతకుముందే తగ్గుతున్నాయనేవాళ్ళ మాటలోనూ నిజం ఉంది. అయినా నేనైతే ఆ పనికే ఓటేస్తాను. చట్టం ఒక్కటే చాలదు కూడా. మెక్సికోలో కట్టడి గట్టిదే, హత్యలు మాత్రం 2023లో లక్షకు ఇరవై పైన. అక్కడ పట్టుబడి, ఆరా తీసిన తుపాకుల్లో ఎక్కువ భాగం ఈ అమెరికా నుంచి వెళ్ళినవే.

మీ అల్లుడుగారు మనమూ ఒకటి కొందామా అన్నారు. వద్దన్నాను. ఆ రోజే వీడు, ఎవరైనా తుపాకీతో వస్తే ఎలా దాక్కోవాలో స్కూల్లో నేర్పింది చేసి చూపించాడు: లైటార్పి, గోడవార మోకాళ్ళు ముడుచుకుని, నోటి మీద వేలు. ఐదేళ్ళవాడు అంతసేపు కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు వాణ్ణి ఎవరింటికి ఆడుకోవడానికి పంపినా, మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంటుందా అని ముందే అడుగుతున్నాను. మొదటిసారి గొంతు పెగల్లేదు. అవతలి తల్లి తప్పుపట్టలేదు, బీరువా తీసి చూపించింది.

అమ్మని మోకాలి నూనె మానొద్దనండి.

మీ అమ్మాయి